ఎనిమిది తీగల నిష్పాక్షికత

హార్మోనియం చేసిన పాపానికి గిటారుకి శిక్ష పడింది.

గోదావరి జిల్లాల్లో ఒకానొక ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. అక్కడ ఒకేడు నాలుగు హార్మోనియంలు కొన్నారు. కొనే కమిటీలో హార్మోనియం విద్వాంసుడున్నాడు. ఆ విద్వాంసుడి బావమరిదికి హార్మోనియంల కొట్టుంది. ఇక వేరే చెప్పాలా! నాలుగింటిలో రెండు దగ్గాయి, ఒకటి అసలు నోరే విప్పలేదు, నాలుగోది ఎవరూ ముట్టుకోకపోయినా రాగం తీసేది. ఆడిట్ వాళ్ళు పట్టుకున్నారు, పేపర్లో పడింది, డైరెక్టరేటు వారికి కోపం వచ్చింది. డైరెక్టరేటుకి కోపం వస్తే మనలాగా కేకలు వెయ్యదు, మెమో వేస్తుంది.

ఆ మెమో సారాంశం ఇదీ. ఇకమీదట ఏ వాద్యం గాని, వాద్యభాగం గాని కొనేటప్పుడు, సదరు వాద్యాన్ని వాయించేవారు, నేర్చుకునేవారు, నేర్పేవారు కమిటీలో ఉండరాదు, కమిటీ ముందుకు రారాదు, కమిటీకి సలహా ఇవ్వరాదు. తెలిసినవాడికే కదా మోసం చెయ్యడం తెలిసేది! ఏమీ తెలియనివాడు పాపం ఎవర్ని మోసం చేస్తాడు? చాలా సబబుగా ఉందని కాలేజీలో అందరూ అన్నారు. అందరిలోనూ గిటారు మాస్టారు పరంజ్యోతి కూడా ఉన్నాడు. "ఇన్నాళ్ళకి మంచి పని చేశారండీ" అని స్టాఫ్ రూములో గట్టిగానే అన్నాడు. మెమో వచ్చింది మార్చి ముప్పై ఒకటిన. ఏప్రిల్ తొమ్మిదిన ఆయన గిటారు మూగబోయింది.

పరంజ్యోతి చర్చిలో గిటారు నేర్చుకుని, పదకొండేళ్ళుగా ఆ కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాడు. ఏటా మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఆయన ఉద్యోగం పోతుంది, ఏప్రిల్ రెండు పొద్దున్న మళ్ళీ వస్తుంది. మధ్యలో ఉన్న ఏప్రిల్ ఒకటిన ఆయన అధికారికంగా నిరుద్యోగి. ఈ ఏడు పర్మనెంటు చేసేవాళ్ళ జాబితాలో పేరొచ్చింది. కాకపోతే ఒక షరతు. ఏడాది తిరిగేలోగా ఆయన విభాగంలో కనీసం ఒక్కరైనా డిప్లొమా పాసవ్వాలి. విభాగంలో ఉన్నదే ఒక్కరు, భ్రమరాంబ.

భ్రమరాంబకి ఇరవై ఆరేళ్ళు. వాళ్ళ నాన్నకి వైండింగ్ షాపుంది. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే మోటార్లు కాలిపోతే, పాత రాగితీగ ఊడదీసి కొత్తది చుట్టేది ఆ అమ్మాయే. పగలంతా అక్కడ, సాయంత్రం కాలేజీలో. "ఆడపిల్లవి, వీణ నేర్చుకోక ఆ గడబిడేంటే" అని మేనత్తలు సాధిస్తే, "వీణకి ఇంత లోతు గొంతు లేదత్తా" అనేది. ఒక పెద్ద బాణీ, వాయిస్తే పన్నెండు నిమిషాలు పట్టేది, తనే కడుతోంది. పరీక్షకి మద్రాసు నుంచి బాగా తెలిసిన ఎగ్జామినర్ వస్తాడని విని, "తెలిసినోళ్ళు ఒక్కరు వింటే చాలండి మాస్టారూ, మార్కులు ఎన్నేసినా పర్లేదు" అంటూండేది.

ఇక గిటారు సంగతి. మామూలు గిటారుకి ఆరు తీగలు. దీనికి ఎనిమిది. ఆ ఎక్కువ రెండూ లావుపాటివి, పాతాళంలోంచి పలికేవి. ఎలక్ట్రిక్ గిటారు కాబట్టి దానంతట అది పలకదు. తీగల కింద, అవి ఆనుకునే బ్రిడ్జి పక్కన, పికప్ అనే చిన్న డబ్బా ఉంటుంది. అందులో అయస్కాంతమూ, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగా. పైన తీగ కదిలితే కింద కరెంటు పుట్టి స్పీకరుకి పోతుంది. అలాంటి చుట్టలు రెండు పక్కపక్కన పెట్టి, ట్యూబులైటు నుంచీ ఫ్యాను నుంచీ వచ్చే రొద ఒకదాంట్లోది ఇంకోదాంట్లో కొట్టుకుపోయేట్టు చేస్తే దాన్ని హంబకర్ అంటారు. కాలేజీ గిటారుకి ఉన్నది ఆ ఒక్క హంబకరే. ఏప్రిల్ తొమ్మిదిన పోయిందీ అదే. అది పోతే మిగిలేది కొయ్యముక్క.

పరంజ్యోతి అర్జీ రాసుకుని సూపరింటెండెంట్ పేరిశాస్త్రి గారి గదిలోకి వెళ్ళాడు, వెనకాలే భ్రమరాంబ. నాలుగేళ్ళుగా ప్రిన్సిపాల్ కుర్చీ ఖాళీ కాబట్టి ఆ బాధ్యతా పేరిశాస్త్రి గారిదే.

"లావు తీగలున్నాయి కదండీ, మరీ జోరుగా పలికేది పెడితే ముద్దయిపోద్దండి. మధ్యస్థంగా, స్పష్టంగా పలికేది చూసి..."

"ఆగండాగండి!" పేరిశాస్త్రి గారు రెండు చేతులూ ఎత్తేశారు. "ఏది కావాలో చెప్పకండి మాస్టారూ. చెబితే సలహా అవుతుంది. పోయిందని చెప్పండి, అక్కడితో ఆపెయ్యండి."

"పోయిందండి."

"అదీ! ఎంత చక్కగా ఉందో చూడండి."

భ్రమరాంబకి ఆగలేదు. "అదిలా ఇచ్చెయ్యండి సారూ, లోపల తీగ తెగిందంతే. మధ్యాన్నానికల్లా చుట్టేసి పట్టుకొచ్చేత్తాను."

పేరిశాస్త్రి గారు జాలిగా నవ్వారు. "నువ్వు నేర్చుకునేదానివమ్మా. నువ్వు బాగుచేస్తే, నీకోసమే బాగుచేసుకున్నావంటారు."

"నాకోసమే కదండీ మరి!"

"చూశారా మాస్టారూ? తనే ఒప్పేసుకుంటోంది," అని ఆయన ఫైలు మీద ఏదో రాసుకున్నారు.

కమిటీ వెయ్యడానికి నాలుగు నెలలు పట్టింది. ఊరికే పట్టలేదు. ఏమీ తెలియనివాళ్ళు దొరకొద్దూ? మొదట పిలిచిన వ్యవసాయశాఖాయన తమ్ముడి కొడుక్కి గిటారు వచ్చట, తీసేశారు. రెండో ఆయన పెళ్ళిలో ఆర్కెస్ట్రా పెట్టించాడని ఫొటో దొరికింది, తీసేశారు. చివరికి మత్స్యశాఖలో కొప్పిశెట్టి గారు దొరికారు. ఆయనకి పాటంటేనే పడదు. సొంత పెళ్ళికి సన్నాయి కూడా వద్దన్నారని వాళ్ళావిడ ఇప్పటికీ ఏడుస్తుంది. "ఇటువంటి నిష్కళంకుడు నా సర్వీసులో తారసపడలేదు" అని పేరిశాస్త్రి గారు ఆయన్ని కుర్చీలోంచి లేచి ఆహ్వానించారు. ఆయనతో పాటు తూనికలు కొలతల శాఖ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు. అధ్యక్షులు పేరిశాస్త్రి గారే.

మూడు కొట్ల నుంచి మూడు శాంపిళ్ళొచ్చాయి. మొదటి రెండూ నిఖార్సైన పికప్‌లు. మూడో కొట్టువాడికి అడిగినది లేదు. లేదని చెబితే బేరం పోతుందని, గాజు అలమరలో ఊరికే చూపడానికి పెట్టుకునే డబ్బా తీసి పంపేశాడు. పైన ఎనిమిది తీగలకీ సరిపడా తళతళలాడే మరలు, లోపల గాలి.

వరండాలోంచి వెళుతూ పరంజ్యోతి కిటికీలోంచి చూశాడు. బల్లమీద ఫ్యాను గాలికి మూడోది జరుగుతోంది. పికప్ అన్నాక అయస్కాంతమూ రాగీ ఉండి బరువుగా కూర్చుంటుంది, గాలికి జరగడమేమిటి! లోపలికి వెళ్ళకూడదు. అటెండరు గంగుల్ని పక్కకి లాగాడు.

"ఒరే గంగులూ, మూడోది ఖాళీ డబ్బారా! ఎలాగోలా అయ్యగారి చెవినెయ్యి."

"నాకు చెప్పకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను," అన్నాడు గంగులు భయంగా. "నన్ను వాయించేవోడి కింద ఏసేరు. నాకేమైనా తెలిసిందనుకోండి, పీకేత్తారు. రోజుకి భత్యం కూడానండి."

నిజమే, గంగుల్నే వేశారు. వాయించడం వచ్చినవాడు వాయించరాదు కదా, మరి రానివాడే వాయించాలి. మూడు శాంపిళ్ళనీ ఫ్యాన్లు బిగించే ఎలక్ట్రీషియన్ ఒకదాని తర్వాత ఒకటి గిటారుకి బిగిస్తాడు, గంగులు చెక్క స్కేలుతో తీగల మీద కొడతాడు.

అక్కడో ధర్మసందేహం పుట్టింది. పుట్టించింది కొప్పిశెట్టి గారు. "గంగులు కొడుతుంటే మనం వింటాం. విన్నాక మనకి నచ్చడమో నచ్చకపోవడమో జరుగుతుంది. నచ్చితే పక్షపాతమే కదండీ?"

పేరిశాస్త్రి గారు చప్పున కలం అందుకున్నారు. వెంటనే డైరెక్టరేటుకి లేఖ వెళ్ళింది. 'సదరు వాద్యమును వినిన వారు, వాద్యము ఎరిగిన వారిగా పరిగణింపబడుదురా? తగు స్పష్టీకరణ దయచేయ ప్రార్థన.' ఆ శాఖ పుట్టిన దగ్గర్నుంచీ ఎన్నడూ లేనిది, జవాబు మర్నాడే వచ్చింది. 'పరిగణింపబడుదురు. వినరాదు.'

ఇంకేం, మెడికల్ షాపు నుంచి దూది వచ్చింది. ఊరేగింపుల్లో డీజేలను పట్టుకోవడానికి వాడే రొద కొలిచే మీటరు కూడా వచ్చింది. అది యంత్రం, దానికి బావమరుదులుండరు. పేరిశాస్త్రి గారు కేటలాగు తెరిచి, హంబకర్ గురించి రాసింది కళ్ళజోడు సవరించుకుని మరీ చదివారు.

"'బయటి రొదను రద్దు చేయును' అని ఉన్నది. అనగా, సభ్యులు గమనించ ప్రార్థన, ఈ వస్తువు యొక్క ప్రధాన ధర్మము రొదను రద్దు చేయుట. ఎంత రద్దు చేసిన అంత మేలు."

"సందేహమేముందండీ," అన్నారు తూనికల ఇన్‌స్పెక్టరు.

ముగ్గురూ చెవుల్లో దూది కుక్కుకున్నారు. గంగులు స్కేలెత్తి కొట్టాడు. మొదటి పికప్‌కి వరండాలో పిట్టలు లేచిపోయాయి, మీటరు తొంభై ఆరు చూపింది. కొప్పిశెట్టి గారు తల అడ్డంగా ఊపి సున్నా వేశారు. రెండోదానికి తొంభై ఒకటి. అయిదు మార్కులు. మూడోదానికి స్కేలు టకటకలు తప్ప ఏమీ లేవు, మీటరు నలభై దగ్గర బుద్ధిగా కూర్చుంది. ముగ్గురి మొహాలూ విప్పారాయి, నూటికి నూరు వేశారు. బరువు కూడా తక్కువ, విద్యార్థులు మోయడానికి అనువు అని ఇన్‌స్పెక్టరు పది మార్కులు విడిగా కలిపారు. ఖాళీ డబ్బా ఏకగ్రీవంగా ఎంపికైంది. దాన్ని బిగించి, ఎవరూ మార్చకుండా చుట్టూ లక్క కరిగించి ప్రభుత్వ ముద్ర వేశారు.

గిటారు తిరిగి క్లాసుకి వచ్చిన రోజున భ్రమరాంబ వైరు గుచ్చి, స్విచ్చేసి, లావు తీగని బలంగా మీటింది. ఏమీ లేదు. మళ్ళీ మీటింది. అప్పుడు కొయ్యకి చెవి ఆనించింది. "ఇలా ఆనిస్తే కొంచెం తెలుత్తోంది మాస్టారూ," అంది. ఆ మాట వినగానే పరంజ్యోతి తిన్నగా సూపరింటెండెంట్ గదికి నడిచాడు.

"పలకడం లేదండి!"

"నూటికి నూట పది వచ్చినదాన్ని పట్టుకుని పలకడం లేదంటారేమిటండీ!"

"మీరు విన్నారా?"

"నేనెలా వింటానండీ, అధ్యక్షుణ్ణి!" పేరిశాస్త్రి గారు నొచ్చుకున్నారు. "పోనీ మీరు విన్నారా?"

"ఏముందండీ వినడానికి? పలకందే!"

"అయితే మీరూ వినలేదు. వినకుండానే ఫిర్యాదు చేస్తే అది నిరాధారం. విని చేస్తే మీరు పక్షపాతి. మాస్టారూ, మీ మంచికోరి చెబుతున్నాను, జాబితాలో పేరుంది, ఈ ఏడాదికి అల్లరి పడకండి."

పరంజ్యోతి నోరు తెరిచాడు. పదకొండు ఏప్రిల్ ఒకటో తారీకులు గుర్తొచ్చాయి. "ఆయ్, అలాగేనండి" అని బయటికొచ్చేశాడు. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది గాని, అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మిగిలిన ఏడాదంతా భ్రమరాంబ కొయ్యకి చెవి ఆనించే సాధన చేసింది. ఆ బాణీ అలాగే కట్టింది, అలాగే పూర్తి చేసింది. ఆ ఒంగిన మెడకేసీ, పరుగెత్తే వేళ్ళకేసీ చూస్తూ పరంజ్యోతి "బావుంది, బావుంది" అనేవాడు. ఏం బావుందో ఆయనకి తెలిస్తే ఒట్టు.

మార్చి మూడో వారంలో పరీక్ష. మద్రాసు ఎగ్జామినర్ రాలేదు. రానివ్వలేదు. ఆయనకి గిటారు వాయించడం బాగా వచ్చని పేరిశాస్త్రి గారు సకాలంలో కనిపెట్టారు. ఆయన బదులు అనుభవం దృష్ట్యా కొప్పిశెట్టి గారినే వేశారు. ఆయన దూదీ, మీటరూ తనే తెచ్చుకున్నారు. పరీక్ష గదికి మూడు గుమ్మాల అవతల మాస్టారు నిలబడాలని ఉత్తర్వు. ఆ దూరం నుంచి ఆయనకి అమ్మాయి కుడి భుజం ఒక్కటే కనిపించింది. అది కాసేపు ఊగింది, మధ్యలో ఆగింది, మళ్ళీ ఊగింది.

మీటరు ముప్పై ఎనిమిది దాటలేదు. నూటికి నూరు. రాష్ట్రంలో మొదటి స్థానం.

భ్రమరాంబ మార్కుల కాగితం పట్టుకుని క్లాసుకొచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"మధ్యలో మూడు నిమిషాలు చేతులు కట్టుకు కూర్చున్నానండి," అంది. "కావాలనే. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు. ఆ మూడు నిమిషాలకీ మార్కులేసేడు. నేను వాయించకపోయినా వందే, వాయించినా వందే అయితే నేనెందుకండి మాస్టారూ?"

"పాసయ్యావు కదమ్మా..."

"మీ ఉద్యోగానికి పాసయ్యేను," అంది. "తెలిసినోళ్ళు ఒక్కరు వింటే చాలన్నాను. మీరు కూడా వినలేదు."

కాగితం ఆయన బల్లమీద పడేసి వెళ్ళిపోయింది.

మార్చి ముప్పై ఒకటి సాయంత్రం నాలుగు గంటలకి ఉత్తర్వు చేతికిస్తామన్నారు. పరంజ్యోతి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. పేరిశాస్త్రి గారి పక్కన కొప్పిశెట్టి గారు కూడా ఉన్నారు. అవతల వీణ టీచరు, గంగులు, ఇంకా ఆఫీసు వాళ్ళూ మిఠాయి కోసం గుమిగూడారు.

"ఒక్క చిన్న లాంఛనం," అని పేరిశాస్త్రి గారు ఒక పత్రం ముందుకు తోశారు. "ఇన్నాళ్ళూ వినలేదు గనక మీరు వాద్యం ఎరగనివారి కిందే లెక్క, పర్మనెంటయ్యాక ఇకమీదట కొనుగోలు కమిటీకి అధ్యక్షులు కూడాను. అధ్యక్షుడు వినకూడదు కదా! 'కమిటీ ఎంపిక చేసిన నాటి నుండి నేటి వరకు సదరు ఎనిమిది తీగల వాద్యమును నేను వినలేదు.' కింద సంతకం. మీరు నిజంగానే వినలేదు, అబద్ధమాడే ఖర్మ మీకు లేదు. దేవుడు మీ పక్షానున్నాడు మాస్టారూ."

పరంజ్యోతి చదివాడు. అక్షరం అక్షరం నిజమే. సంతకం చేశాడు. పేరిశాస్త్రి గారు ఉత్తర్వు తీసి, కలం మూత విప్పి, సంతకానికి వంగారు.

అప్పుడు కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

కాలేజీ గేటు బయట, రోడ్డు మీద, చేపల మేత మోసే ట్రాలీ ఆగి ఉంది. దాని మీద జనరేటరు, మనిషెత్తు స్పీకరు. పక్కన భ్రమరాంబ. మూడు నెలల కూలి డబ్బుతో కొనుక్కున్న ఎనిమిది తీగల గిటారు మెళ్ళో ఉంది. మెడ వంచలేదు, చెవి ఆనించలేదు. తలెత్తి, కాలేజీ కేసి చూస్తూ వాయిస్తోంది.

"వినకండి!" అని అరిచారు పేరిశాస్త్రి గారు. "ఎవరూ వినకండి!"

అంతే, గగ్గోలు. విన్నవాడికి కమిటీ లేదు, కమిటీ లేనివాడికి భత్యం లేదు. వీణ టీచరు కొంగు చెవులకి చుట్టేసుకుంది. గంగులు బల్ల కింద దూరాడు. కొప్పిశెట్టి గారు జేబులన్నీ తడుముకున్నారు గాని ఆ రోజు దూది తెచ్చుకోలేదు. "నా ఇరవై ఏళ్ళ సర్వీసు, ఎవరో ఒకరు ఆపండయ్యా!" అంటూ రెండు అరచేతులూ చెవులకి అదుముకుని జీపు కోసం పరుగెత్తారు. పేరిశాస్త్రి గారు రెండు చూపుడు వేళ్ళూ రెండు చెవుల్లో దోపుకున్నారు. ఎదురుగా ఉత్తర్వు, దాని మీద కలం. సంతకం పెట్టాలంటే ఒక వేలు తియ్యాలి.

"చెవులు మూసుకోండి మాస్టారూ!" కేకేశారాయన. "సంతకం ఇంకా అవలేదు! పన్నెండు నిమిషాలు ఓర్చుకోండి, అయిపోతుంది!"

పరంజ్యోతి అప్పటికే మూసుకున్నాడు. ఎప్పుడు మూసుకున్నాడో ఆయనకే తెలియదు, చేతులు వాటంతట అవే వెళ్ళాయి. పర్మనెంటు. పింఛను. కూతురి ఫీజు. చెవులు మూసుకునే కిటికీలోంచి చూశాడు. వేళ్ళు పరుగెడుతున్నాయి. నెలల తరబడి చూసి చూసి, ఆ పరుగు ఆయనకి కంఠతా వచ్చు. ఇప్పుడు చిటికెన వేలు కిందికి దిగుతుంది, ఇదిగో దిగింది. ఇప్పుడు లావు తీగ. అరికాళ్ళ కింద నేల కదిలింది.

ఛీ, ఏం బతుకురా ఇది, అనుకున్నాడు. చేతులు దించేశాడు.

కిటికీ గడియ తీసి రెక్కలు బార్లా తెరిచాడు. మొత్తం ఒక్కసారిగా లోపలికొచ్చింది. ముద్దగా లేదు. లావు తీగల మీద కూడా ప్రతి స్వరమూ విడివిడిగా, స్పష్టంగా ఉంది. ఆరో నిమిషం దాటాక అమ్మాయి ఒకచోట తొందరపడింది. "నిదానం, నిదానం" అన్నాడు పైకే. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. భ్రమరాంబ కిటికీ కేసి చూసింది, అక్కణ్ణుంచి ఒక్క తప్పు లేకుండా వాయించింది.

"మాస్టారూ!" పేరిశాస్త్రి గారు వెనకనుంచి గావుకేక పెట్టారు. "వింటున్నారా ఏమిటి?"

"వింటున్నానండీ!"

చెవుల్లో వేళ్ళుండడం వల్ల ఆయనకి జవాబు చేరలేదు. "ఆఁ? ఏమన్నారు?"

పరంజ్యోతి బల్ల దగ్గరికొచ్చాడు. తను సంతకం చేసిన పత్రం తీసుకుని, 'వినలేదు' అన్న మాట కొట్టేశాడు. దానిమీద 'వింటున్నాను' అని రాసి, పక్కన తారీకు, టైము వేసి, ఆయనకి చదవడానికి వీలుగా మొహం ముందు పట్టుకున్నాడు.